సగమే బాగుపడవలసిన అమ్మాయి

మానవజాతి ప్రగతికి అడ్డుపడేవి మూడే మూడని యున్‌పింగ్ మండల యువజన వికాస సమన్వయ కార్యాలయం నిరుడు వసంతకాలంలో తేల్చి చెప్పింది. అవి కరువు, వరదలు, మాట్లాడని పిల్లలు. మొదటి రెండింటికీ వేరే శాఖలు ఉన్నాయి కనుక మూడోది తమ పాలికి వచ్చిందనీ, సంవత్సరాంతానికల్లా దాన్ని మండలంలో లేకుండా చేస్తామనీ ప్రకటిస్తూ ఆఫీసు గోడకు ఎర్రగుడ్డ బ్యానరు కట్టారు. "ప్రతి యువ హృదయానికీ ఒక గొంతు" అని దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు. (కింద చిన్న అక్షరాలతో, ఈ గోడకు స్కూటర్లు ఆనించరాదు అని కూడా ఉండేది. ప్రజలకు అర్థమైంది అదొక్కటే.)

మాట్లాడని పిల్లలను బాగుచేయాలంటే ముందు అలాంటి పిల్లలు చేతిలో ఉండాలి. అందుకని మండల సోషల్ వర్క్ కేంద్రం డైరెక్టరు దాయ్ గువాంగ్‌చెంగ్ బడికి వెళ్లి, వికాసానికి ఆటంకం ఉన్న విద్యార్థి ఒకరిని ఇప్పించమని హెడ్‌మాస్టరును మర్యాదగా కోరాడు. హెడ్‌మాస్టరు ఇరకాటంలో పడ్డాడు. బడిలో సమస్యలున్న పిల్లలు లేక కాదు. గోడ దూకి ఇంటర్నెట్ షాపుకు పోయేవాళ్లు ఉన్నారు. హాస్టలు కిటికీ అద్దాలు పగలగొట్టేవాళ్లు ఉన్నారు. కాని వాళ్ల పేర్లు బయటికి పొక్కితే గేటు మీదున్న "ప్రశాంత పాఠశాల" ఇత్తడి ఫలకం ఊడిపోతుంది. బాగా ఆలోచించి ఆయన, ఎవరికీ ఫిర్యాదు చేయని, ఎవరి ఫిర్యాదూ లేని ఒక పేరు ఇచ్చాడు. రాన్ చున్‌యా, తొమ్మిదో తరగతి.

"ఈ అమ్మాయికున్న ఇబ్బంది ఏమిటండీ?" అని దాయ్ అడిగాడు.

పక్కనే ఉన్న క్లాసు టీచరు హాజరుపట్టీ తిరగేశాడు. "ఏమీ లేదండి. ఉంటే చెప్పేదిగా?" అన్నాడు.

"అదీ! అదే ఇబ్బంది," అని దాయ్ రాసుకున్నాడు.

చున్‌యాకు పదిహేనేళ్లు. అమ్మానాన్నలు సముద్రతీరంలో బూట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఆమె కొండవాలులోని ఇంట్లో నాయనమ్మతో ఉంటుంది. క్లాసులో వెనక నుంచి రెండో బెంచీ, కిటికీ పక్క. జవాబు తెలిసినా చెయ్యెత్తదు. ఎత్తితే అందరూ తిరిగి చూస్తారని. తనను మండలం మొత్తం మీద ప్రగతికి ఆటంకంగా ఎంపిక చేశారని తెలిసినప్పుడు ఆమెకు చెవులు వేడెక్కాయి కాని అభ్యంతరం చెప్పలేదు. అభ్యంతరం చెప్పగలిగిన పిల్లయితే ఆమెను ఎంపిక చేసేవాళ్లే కాదు.

కేంద్రంలో డైరెక్టరు ఒకరు, సోషల్ వర్కర్ ఒకరు. డైరెక్టరు నడిపిస్తాడు, సోషల్ వర్కర్ నడుస్తుంది. ఆమె పేరు టాన్ జింగ్, కిందటేడే డిగ్రీ ముగించింది. సోషల్ వర్క్ చదువును ఎవరూ కోరుకోరు. బ్యాంకు చదువో ఇంగ్లీషో కావాలని రాసినవాళ్లను మార్కులు చాలకపోతే విశ్వవిద్యాలయమే తీసుకొచ్చి అందులో కూర్చోబెడుతుంది. జింగ్ నర్సు కావాలనుకుంది. నాలుగేళ్లపాటు ఎదుటివారి బాధ ఎలా వినాలో పుస్తకాల్లో చదివింది, పరీక్షల్లో రాసింది, సర్టిఫికెట్టు తెచ్చుకుంది. ఆమెలో ఒకటే లోపం. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే ఆమెకూ చెవులు వేడెక్కుతాయి. ఆ సంగతి సంస్థకు తెలియదు. (ఉద్యోగపు ఇంటర్వ్యూలో మాట్లాడిందంతా దాయ్ డైరెక్టరే.)

జింగ్ మొదటిసారి ఆ ఇంటికి వెళ్లినప్పుడు నాయనమ్మ వాకిట్లో కోళ్లకు నూకలు చల్లుతోంది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫైలు చూసి ఆమె గంప కింద పెట్టింది.

"ఇన్సూరెన్సు పిల్లవా?"

"కాదు మామ్మగారూ. సోషల్ వర్కర్‌ని."

"అంటే? మోకాళ్ల పట్టీలు అమ్ముతారే, వాళ్లా?"

"నేనేమీ అమ్మనండి."

"పోనీ గుడ్లు పంచుతారా? పోయిన నెల పట్టీలవాళ్లు ముందు గుడ్లు పంచారు."

"పంచమండి."

"అమ్మవు, పంచవు. మరేం చేస్తావమ్మా నువ్వు?"

సోషల్ వర్క్ నిర్వచనం మీద జింగ్‌కు డిగ్రీలో మంచి మార్కులే వచ్చాయి. అందులో ఒక్క ముక్కా ఇప్పుడు నోటికి రాలేదు. "చున్‌యాకు తోడుగా కూర్చుంటానండి," అంది.

"అందుకు జీతం ఇస్తారా?"

"ఇస్తారండి. కొంచెం ఆలస్యంగా."

"పర్లేదు, దేశం బాగుపడింది," అని నాయనమ్మ లోపలికి వెళ్లి పీట తెచ్చి వేసింది.

అయితే తోడుగా ఎక్కడపడితే అక్కడ కూర్చోవడానికి వీల్లేదు. అందుకు కేంద్రంలో మనసువిప్పు గది అని ఒకటి ఏర్పాటు చేశారు. నియమావళి ప్రకారం రెండు సోఫాలు, ఒకదానికొకటి ఎదురుగా కాకుండా కొద్దిగా ఓరగా. తనిఖీ దాకా మాసిపోకూడదని వాటి ప్లాస్టిక్ కవర్లు తీయలేదు. కన్నీళ్లు తుడుచుకోవడానికి కాగితపు రుమాళ్ల పెట్టె. దాని సీలూ తీయలేదు. పిల్లలు బొమ్మలు పేర్చి మనసులోని మాట చెప్పుకోవడానికి ఇసుకపెట్టె ఉంది కాని బొమ్మలు బీరువాలో తాళం వేసి ఉన్నాయి. (పక్క మండలంలో ఒక ప్లాస్టిక్ ఏనుగు పోయింది. అక్కడి డైరెక్టరుకు ఈనాటికీ ప్రమోషన్ రాలేదు.) ఆ గదిలో మొదటి రోజు చున్‌యా, జింగ్ కూర్చున్నారు. ఎవరు కదిలినా ప్లాస్టిక్ గరగరమంటోంది. దానికి సిగ్గుపడి ఇద్దరూ కదలడం మానేశారు.

దాయ్ స్టూలెక్కి ఫోనుతో ఫొటో తీశాడు. ప్రతి ఫొటో మీదా తేదీ, చోటు, ఆనాటి వాతావరణం పడాలి. వానరోజున జరిగిన సంభాషణను లోతైన సంభాషణగా పరిగణించవచ్చని ఒక ఉపనియమం ఉంది. ఆ రోజు దురదృష్టవశాత్తు ఎండ కాస్తోంది.

"చున్‌యా, నవ్వకు. ఇది సేవకు ముందు ఫొటో, బాధగా ఉండాలి. తల దించు. ఇంకొంచెం. ఆఁ, బంగారుతల్లివి! జింగ్, నువ్వు సానుభూతితో ముందుకు వాలు. అంతొద్దు, పడతావు."

"డైరెక్టరుగారూ, తను బాధగా లేదేమో..." అంది జింగ్ మెల్లగా.

"అదే కదమ్మా దాని బాధ. బయటపడదు."

ఫొటో మండల గ్రూపులో పెట్టిన వెంటనే ఇరవై మంది అధికారులు బొటనవేళ్లు పైకెత్తారు. చున్‌యా ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. క్లాసులో సగంమంది పిల్లల అమ్మానాన్నలు ఆ గ్రూపులో ఉన్నారు.

ఆ తరువాత జింగ్ చున్‌యాను కేంద్రంలో కూర్చోబెట్టడం మానేసి, బుధవారం బడి విడిచాక తనే కొండవాలు ఎక్కి రావడం మొదలుపెట్టింది. గది మాసిపోకుండా ఉంటోందని దాయ్ కూడా సంతోషించాడు. నాయనమ్మ పాత గుడ్డలను బియ్యపు గంజితో పొరలు పొరలుగా అంటించి, ఎండబెట్టి, బూట్లలో వేసుకునే మెత్తలు కత్తిరించేది. వాటి మీద రంగుదారాలతో పువ్వులు కుట్టడం చున్‌యా పని. జింగ్ కూడా ఒకటి తీసుకుని కుట్టేది. ఆమె కుట్టిన మందారం వంకాయలాగా వచ్చింది. ముగ్గురూ వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని కుడుతూ ఉండేవాళ్లు. జింగ్ ఏమీ అడిగేది కాదు. అడగడానికి భయపడి అడిగేది కాదో, అడగకూడదనుకుని అడిగేది కాదో చున్‌యాకు తెలియదు. ఎవరైనా తనను చూసి ఏదో ఒకటి అడుగుతారేమో అని ఒంట్లో ఎప్పుడూ ఒక బిగువు ఉండేది ఆమెకు. అది బుధవారం సాయంత్రాల్లో సడలిపోయేది.

వేసవి ముందు ఒక బుధవారం చున్‌యా సూది మీద నుంచి చూపు తిప్పకుండానే అంది. "అక్కా, అమ్మ ఫోన్ చేస్తే నాకేం మాట్లాడాలో తెలీదు. తిన్నావా అంటుంది. తిన్నానంటాను. అంతే. తర్వాత మెషీన్ల చప్పుడు వింటూ ఉంటాను."

జింగ్ దారం ముడి వేసి, కొరికి, మళ్లీ సూదిలోకి ఎక్కించింది. "నాకూ అంతే. అందుకే నేను మా అమ్మకి వాన గురించి చెప్తాను."

"వాన లేకపోతే?"

"లేకపోయినా పడిందని చెప్తాను. బట్టలు తడిశాయా అంటుంది, గొడుగు ఉందా అంటుంది. కాస్సేపు గడుస్తుంది."

చున్‌యా గట్టిగా నవ్వింది. నాయనమ్మ ఉలిక్కిపడి కోళ్ల వంక చూసింది. ఆ ఆదివారం చున్‌యా వాళ్లమ్మకు కొండ మీద పడని వాన గురించి చెప్పింది. అమ్మ బట్టల గురించి అడిగింది, పైకప్పు గురించి అడిగింది, తన చిన్నప్పుడు వానలో తప్పిపోయిన పందిపిల్ల కథ చెప్పింది. ఫ్యాక్టరీలో భోజనం బెల్లు కొట్టేదాకా ఇద్దరూ మాట్లాడుకున్నారు.

జింగ్ ఆ నెల నివేదికలో ఈ సంగతి రాసింది. దాయ్ దాన్ని కొట్టేశాడు. వాతావరణం గురించి మాట్లాడడం వికాసం కిందికి రాదని, అబద్ధపు వాతావరణం అసలే రాదని పక్కన ఎర్రసిరాతో రాశాడు.

చలికాలం వచ్చింది. సంవత్సరాంతపు మదింపు దగ్గర పడింది. దాయ్ స్వయంగా కొండవాలు ఎక్కి వచ్చి, రొప్పు తగ్గేదాకా వేడినీళ్లు తాగి, ఎండుమిరప దండల కింద కూర్చుని నాయనమ్మకు విషయం వివరించాడు. చున్‌యా, జింగ్ పక్కనే ఉన్నారు.

"సిటీ నుంచి ఐదుగురు నిపుణులు వస్తారు మామ్మగారూ. మన అమ్మాయిని చూస్తారు. ఏమీ మారలేదనుకోండి, మా సంస్థ పనికిరాదని కేంద్రం నడిపే కాంట్రాక్టు ఇంకొకళ్లకి పోతుంది. ఈ జింగ్ పెట్టె సర్దుకుని ఇంటికి పోతుంది."

"అయ్యో. మరి బాగా మారిపోయిందనుకో?"

"అదే మాకు కావాల్సింది! అప్పుడు కేసు మూసేస్తాం. జింగ్‌ని ఇబ్బందులున్న ఇంకో మండలానికి పంపుతారు. నాకు ఫలకం వస్తుంది."

చున్‌యాకు సూది వేలిలో గుచ్చుకుంది.

"అంటే మారినా పోతుంది, మారకపోయినా పోతుంది," అంది నాయనమ్మ. "మధ్యలో ఏం లేదా బాబూ?"

"ఉందనుకోండి. కొంత మెరుగు, ఇంకా సేవ అవసరం అని. అప్పుడు ఇంకో ఏడాది ఇట్లాగే సాగుతుంది. కాని అది మంచి మార్కు కాదు."

"కొంత అంటే ఎంత?"

"ఓ సగం."

"పూర్తిగా బాగుపడినట్టు ఎట్లా పట్టుకుంటారు?"

దాయ్‌కు నియమాలు అప్పజెప్పడం ఇష్టం. "ముక్కూమొహం తెలియని ఐదుగురి ముందు, ఎవరూ అందించకుండా, తనకేం కావాలో తనే పూర్తిగా నోరు తెరిచి చెప్పాలి. అంతే మామ్మగారూ. చున్‌యా, చెప్తావు కదూ?"

చున్‌యా తల ఊపింది. ఏ వైపు ఊపిందో దాయ్ సరిగ్గా చూడలేదు.

చున్‌యాకు ఆ ఏడాది ఈ లోకంలో కావలసింది ఒక్కటే. బుధవారాలు. వాటి కోసం ఆమె సరిగ్గా సగం బాగుపడాలి. ఇది తేలిక పని కాదు. పూర్తిగా చెడిపోవడం ఎలాగో బడిలో చాలామందికి తెలుసు. పూర్తిగా బాగుపడడం గురించి గోడల నిండా రాసి ఉంది. సగం దగ్గర ఆగడం ఎలాగో చెప్పేవాళ్లు లేరు. కాబట్టి నాయనమ్మే పూనుకుంది. కొడుకు పాత కోటు వేసుకుని, తలకు టోపీ పెట్టుకుని, మంచం మీద నిపుణురాలిలా కూర్చుంది.

"పాపా, ఎట్లా ఉన్నావు?"

"బాగానే ఉన్నా..."

"ఆపు! ఎక్కువైంది. 'బాగానే' అని వదిలెయ్. మిగతాది నేల వైపు చూడు."

"బాగానే..."

"ఆఁ. కాని మరీ పుల్లలాగ నిలబడకే, కాంట్రాక్టు పోతుంది! రెండుసార్లు నేల చూడు, ఒకసారి నా మొహం చూడు. ఏమ్మా జింగ్, సరిపోయిందా?"

"మామ్మగారూ, నేను దీన్లో కలగజేసుకోకూడదు. వృత్తి ధర్మానికి విరుద్ధం," అంది జింగ్ ఎర్రబడి. చున్‌యా కాళ్ల వంక చూసి, "పాదాలు కొంచెం లోపలికి తిప్పుకుంటే ఇంకా సహజంగా ఉంటుంది," అని చేర్చింది.

మదింపు ముందురోజు దాయ్ ఒక పట్టు పతాకం తెచ్చి నాయనమ్మ చేతిలో పెట్టాడు. సేవ పొందిన ప్రతి కుటుంబమూ స్వచ్ఛందంగా, నిర్ణీత కొలతలో, బంగారు రంగు కుచ్చులున్న ఎర్రటి పట్టు పతాకం ఒకటి కేంద్రానికి కృతజ్ఞతగా ఇవ్వాలని నియమం. కుటుంబాలు మరిచిపోతాయని కేంద్రమే కొని ఇస్తుంది. జిల్లా కేంద్రంలోని దుకాణంలో కొత్తగా అక్షరాలు కుట్టించాలంటే ఆలస్యమని, ఎవరో చేయించుకుని తీసుకుపోనిది ఉంటే దాయ్ తక్కువలో పట్టుకొచ్చాడు. నాయనమ్మకు చదువు రాదు, తడిమి చూసి మెత్తగా ఉందని మురిసిపోయింది. చున్‌యా చదివింది. "పోయిన మోటారు సైకిలును వెతికి తెచ్చిన ప్రజారక్షకులు పోలీసువారికి వేల కృతజ్ఞతలు" అని ఉంది. తలెత్తి చూస్తే జింగ్ కూడా అదే చదువుతోంది. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. డైరెక్టరుకు చెప్పాలంటే ఇద్దరికీ నోరు రాలేదు.

నిపుణులు తెల్ల వ్యానులో వచ్చారు. పెద్దాయన నియె ప్రొఫెసరు. యువత మౌనం మీద ఆయన పదహారు గంటలు ఆపకుండా ప్రసంగించారని ప్రతీతి. రెండోవాడు సంఖ్యలు చూసే అధికారి. మూడో ఆమె ఇంకో సంస్థ డైరెక్టరు, కాంట్రాక్టు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తూ ఉంటుంది కనుక నిష్పక్షపాతి. నాలుగోవాడు ఫొటోలూ వీడియోలూ తీసే కుర్రాడు. ఐదుగురు ఉండి తీరాలి కనుక ఐదోవాడు వ్యాను డ్రైవరు.

మనసువిప్పు గది నిండిపోయింది. ప్రొఫెసరు సోఫాలో కూర్చోగానే ప్లాస్టిక్ గట్టిగా మూలిగింది.

"ఎలా ఉన్నావు తల్లీ?"

"బాగానే..." అంది చున్‌యా. నేల చూసింది. మళ్లీ నేల చూసింది. మొహం చూసింది.

"నీకు ఏం చేయడం ఇష్టం?"

"కుట్టు..."

"ఎవరితో కలిసి?"

"అక్క..." పాదాలు లోపలికి తిరిగి ఉన్నాయి.

సంఖ్యల అధికారి నిపుణులందరి వంకా చూసి, "సగం?" అన్నాడు. మిగతావాళ్లు "సగమే," అన్నారు. దాయ్ మొహంలో ఫలకం వెలుగు ఆరిపోయింది. మూలన నాయనమ్మ గెలుపు కనబడకుండా కొంగుతో నోరు మూసుకుని దగ్గింది. వెంటనే ఆమె లేచి పతాకం ఇచ్చింది. చప్పట్లు కొట్టారు, ఫొటో దిగారు, సంఖ్యల అధికారి "పతాకం, ఒకటి" అని రాసుకున్నాడు. వచ్చినవాళ్లలో పతాకాన్ని చదివినవాడు డ్రైవరు ఒక్కడే. ఆయన కిటికీలోంచి తొంగిచూసి, మోటారు సైకిలు ఎక్కడుందా అని కాసేపు వెతికాడు.

"కొంత మెరుగు, ఇంకా సేవ అవసరం," అని ప్రొఫెసరు ప్రకటించారు. చున్‌యా ఊపిరి వదిలింది. ఇంకో ఏడాది. ఇంకో ఏడాది బుధవారాలు.

"అయితే," అన్నారు ప్రొఫెసరు. "మెరుగు సగం దగ్గరే ఎందుకు ఆగిపోయింది? కారణం మన కళ్లముందే ఉంది. ఈ సోషల్ వర్కరమ్మాయిని చూడండి. మేం వచ్చినప్పటినుంచి 'మంచినీళ్లు తాగుతారా' తప్ప ఇంకో మాట లేదు. మౌనం అంటుకుంటుందండీ. కేసు ఇక్కడే ఉండనిద్దాం, మనిషిని మారుద్దాం. హుషారైనవాళ్లని పంపండి. పాటలు పాడేవాళ్లయితే మరీ మంచిది."

"మా సంస్థలో గిటారు వాయించే పిల్ల ఉంది," అంది నిష్పక్షపాతి.

"బాబూ, ఇదెక్కడిది?" అని నాయనమ్మ దాయ్ చొక్కా పట్టుకుని గుంజింది. "నువ్వు ఈ నాలుగోది చెప్పలేదే!"

"నాకూ తెలీదు మామ్మగారూ. ఇప్పుడే పుట్టింది."

జింగ్ తల వంచుకుని నిలబడి ఉంది. ఆమె చెవులు ఎర్రగా ఉన్నాయి. చున్‌యాకు తన చెవులు అలా ఎర్రబడినప్పుడు లోపల ఎలా ఉంటుందో తెలుసు. ఆమె లేచి నిలబడింది. సోఫా గరగరలాడింది, ఆమెకు వినబడలేదు.

"జింగ్ అక్కని పంపించకండి," అంది. గొంతు ఎక్కడినుంచో వస్తున్నట్టుంది, వణుకుతోంది, అయినా ఆగలేదు. "అక్క ఏమీ అడగదు. అందుకే నేను అక్కకి చెప్తాను. నాకు పాటలు పాడేవాళ్లు వద్దండీ. నాకు అక్క కావాలి."

కిటికీ దగ్గరున్న డ్రైవరు ఇటు తిరిగాడు.

సంఖ్యల అధికారి వేళ్లు మడుస్తూ మెల్లగా మొదలుపెట్టాడు. "ముక్కూమొహం తెలియనివాళ్లు ఐదుగురు. డ్రైవరుతో కలిపి."

"ఎవరూ అందించలేదు," అంది నిష్పక్షపాతి, కొంచెం అయిష్టంగా.

"తనకేం కావాలో తనే చెప్పింది!" అని దాయ్ కేక పెట్టాడు. "నోరు తెరిచి! పూర్తిగా!"

చప్పట్లు మోగాయి. ప్రొఫెసరుకు నిజంగానే కళ్లు చెమర్చాయి. ఆయన రుమాళ్ల పెట్టె సీలు తెంపి ఒకటి లాగి కళ్లు తుడుచుకున్నారు. (దాయ్ ఆ సంతోషంలోనూ ఒకసారి విలవిలలాడాడు.) "పూర్తి విజయం! నా వృత్తి జీవితంలో ఇంత స్పష్టమైన మార్పు చూడలేదు. ఇక ఈ పాపకి ఏ సేవా అక్కర్లేదు. కేసు మూసేయండి."

"అయితే అక్క ఉంటుందా అండీ?" అని చున్‌యా అడిగింది.

"చూశారా, ప్రశ్న కూడా వేసింది!" అని ప్రొఫెసరు అందరి వైపూ తిరిగారు.

జింగ్ ఒక అడుగు ముందుకు వేసింది. "సార్, ఆ అమ్మాయి అడుగుతోంది..."

"నీ వినయం నాకు నచ్చిందమ్మా. ఫలితం నీదే. నిన్ను ఇంకా కష్టమైన మండలానికి సిఫారసు చేస్తాను."

అప్పుడు కెమెరా కుర్రాడు చెయ్యెత్తాడు. "సార్, క్షమించాలి. వీడియో ఆన్ కాలేదు."

కాబట్టి ఇంకోసారి చెప్పమన్నారు. చున్‌యా జింగ్ వంక చూసింది. చెబితే ఏమైనా మారుతుందేమో అనుకుని మళ్లీ చెప్పింది. ఈసారి మధ్యలో ఏడుపు వచ్చి మాటలు తెగిపోయాయి. అది సేవకు తరువాతి వీడియోలా లేదు, ముందుదానిలా ఉందని నిష్పక్షపాతి అభిప్రాయపడింది. మూడోసారి వెలుతురు వైపు నిలబెట్టి, "చివర్లో కొంచెం నవ్వమ్మా, అంతే," అన్నారు. మూడోసారి చాలా బాగా వచ్చింది. ఎక్కడా తడబాటు లేదు, వణుకు లేదు. ఆ మాటలు ఎవరినీ ఏమీ అడుగుతున్నట్టు కూడా లేవు.

కేసు మూసేముందు వియోగ భావాలను నిర్వహించాలని నియమావళి చెబుతోంది. ఫొటోతో కలిపి నలభై నిమిషాలు. ఆ తరువాతి బుధవారం జింగ్ కొండవాలు ఎక్కి వచ్చి వంటింటి గుమ్మం దగ్గర కూర్చుంది. ముగ్గురూ కుట్టారు. కోళ్లు వచ్చి వెళ్లాయి.

"నేను నోరు మూసుకుని ఉండాల్సిందక్కా," అంది చున్‌యా.

"వద్దు. అట్లా అనుకోవద్దు."

"తప్పు దీనిది కాదులేమ్మా," అంది నాయనమ్మ జింగ్‌తో, చున్‌యా తల మీద చెయ్యి వేసి. "అడగడం నేర్పిస్తామన్నారు గాని, అడిగితే ఇస్తామన్నారా? నేనే సరిగ్గా వినలేదు."

నియమావళి ప్రకారం ఈ ఘట్టంలో ఏడవవలసింది సేవ పొందినవారు. ఏడ్చింది జింగ్. దాయ్ తీసిన ఫొటో పనికిరాలేదు.

ఆ వీడియోను ఇప్పుడు జిల్లాలో కొత్త సోషల్ వర్కర్లకు శిక్షణలో చూపిస్తున్నారు. గిటారు పిల్ల రాలేదు. బాగుపడిన ఇంటికి ఎందుకు వస్తుంది? మండలానికి ఏ అధికారి వచ్చినా చున్‌యాను పిలిపించి, "ఎలా ఉన్నావు తల్లీ? ఏమైనా కావాలా?" అని అడుగుతారు. చున్‌యా వెలుతురు వైపు నిలబడి, తలెత్తి, వాళ్ల కళ్లలోకి చూస్తూ, "నేను చాలా బాగున్నానండీ, నాకేమీ అక్కర్లేదు, ధన్యవాదాలు," అని చివర్లో కొంచెం నవ్వుతుంది. అంత స్పష్టంగా మాట్లాడే పిల్లను ఇంకేం అడుగుతారు? ఎవరూ అడగలేదు.